ఇరవై మూడో ఫారం

బైండింగక్కకి పుస్తకమంటే ముందు వెన్ను. ఎవరైనా పుస్తకం చేతికిస్తే అట్ట చూసేది కాదు, పేరు చూసేది కాదు. తిరగేసి, వెన్ను మీద బొటనవేలితో కింద నుంచి పైకి ఒకసారి నిమిరి, "దీన్ని ఎవరో బోర్లా పెట్టి నిద్రపోతున్నారు" అనో, "కొన్న దగ్గర్నుంచి దీన్ని తెరిచిన పాపాన పోలేదు" అనో తేల్చేసేది. తెచ్చినవాళ్ళు తడబడి నవ్వేవాళ్ళు. లోపల ఏముందో మాత్రం ఆవిడ ఎప్పుడూ అడగలేదు.

అడగకపోవడం ఆవిడకి పనితోపాటు అబ్బిన అలవాటు. బడి మానేసిన ఏడాదే ఒక బైండింగ్ షాపులో అట్టలు అంటించే పనికి చేరింది. ఆ షాపు ముసలాయనకి ఒకటే నియమం ఉండేది: కుట్టేవాళ్ళు చదవకూడదు. చదవడం మొదలుపెడితే సూది ఆగుతుంది, సూది ఆగితే దారం వదులవుతుంది అనేవాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు ఒక అపరాధ పరిశోధన నవలని కుడుతూ కుడుతూ చదివాడట. హంతకుడెవరో తెలిసిపోయిన సంబరంలో చివరి ఫారాన్ని తెచ్చి మొదట కుట్టేశాడట. పుస్తకం తీసుకెళ్ళిన పెద్దమనిషి మొదటి పేజీలోనే హంతకుణ్ణి చూసి, మర్నాడు వచ్చి ముసలాయన్ని చంపినంత పని చేశాడట.

ఫారమంటే మరేం లేదు. ఒక పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చేసి, మడిచి మడిచి చిన్న బొత్తి చేస్తే అది ఫారం. అలాంటి ఫారాలని వరసగా పేర్చి, ఒక్కోదాని మడతలోంచి సూది దూర్చి, పక్కదానితో ముడేస్తూ పోతే పుస్తకమవుతుంది. ప్రతి ఫారానికీ మొదటి పేజీ అడుగున చీమ తలకాయంత అంకె ఒకటి ఉంటుంది. బైండింగక్క చదువు ఆ అంకె దగ్గర మొదలై ఆ అంకె దగ్గరే ముగిసేది. ఒకటి తర్వాత రెండు, రెండు తర్వాత మూడు. వరస కుదిరిందా, పుస్తకం కుదిరినట్టే.

ముసలాయన ఓపిక లేక షాపు మూసేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ, పుస్తకాలు బిగించే చెక్క ప్రెస్సుని బైండింగక్కకి ఇచ్చేశాడు. ఆవిడ దాన్ని ఇంటి ముందు గదిలో పెట్టించి, తలుపు మీద చిన్న బోర్డు రాయించింది. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. ఆవిడ, బస్సు కండక్టరు పని చేసే ఆవిడ భర్త, ఆయన తల్లి. ఒకప్పుడు కోడలు పనికి పోతుంటే గుమ్మంలో నిలబడి మూతి ముడుచుకున్న అత్తగారే ఇప్పుడు మైదా పిండి ఉడికించి జిగురు కాచేది. ఉండ కట్టకుండా కలుపుతూ, వచ్చినవాళ్ళతో "మా షాపు", "మా జిగురు" అనేది. "అత్తయ్యా, జిగురు మీదే గానీ షాపు నాది" అని కోడలంటే, "జిగురు లేకపోతే నీ షాపులో ఏదీ దేన్నీ అంటదే అమ్మాయీ" అనేది.

ఎంత మాట్లాడుకున్నా, షాపు మాత్రం సరిగ్గా నడవడం లేదు. కాలేజీ పిల్లల రిపోర్టులు ఏడాదికోసారి వస్తాయి. మిగతా రోజుల్లో అడపాదడపా ఒక చిరిగిన పుస్తకం. ఇలాగే ఉంటే ముందు గదిని అద్దెకిచ్చి, తను పెద్ద వీధిలో మిషను మీద పుస్తకాలు బైండు చేసే షాపులో కాగితాలు సర్దే పనికి పోక తప్పదని బైండింగక్కకి తెలుసు. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు. కండక్టరు మాత్రం అప్పుడప్పుడు ముందు గది గోడల వైపు, ఇక్కడ మంచం పడుతుందా అన్నట్టు చూసేవాడు. భార్య చూస్తే చూపు తిప్పేసుకునేవాడు.

అలాంటప్పుడు లైబ్రరీ మేడమ్ నుంచి కబురొచ్చింది.

మేడమ్ మాట తక్కువ మనిషి. కళ్ళజోడు మీంచి చూస్తే మెచ్చుకున్నట్టు, కళ్ళజోడులోంచి చూస్తే విచారణ మొదలైనట్టు. రెండు లావుపాటి డిక్షనరీలు బల్ల మీద పెట్టి, "ఈ రెండూ కుట్టి ఇవ్వండి. ఒక నెల జనం చేతుల్లో నలగనిచ్చి చూస్తాను. నిలిస్తే బీరువాల్లో చిరిగినవన్నీ మీకే ఇస్తాను. లేదంటే మిషను షాపాయన అడుగుతూనే ఉన్నాడు" అంది.

ఆ రెండూ కవలలు. ఇంగ్లీషు మాటలకి తెలుగులో అర్థాలు చెప్పేవే. ఒకే అచ్చు, ఒకే సైజు, ఒకే లావు. మొదటిదాంట్లో ఇప్పటి అర్థాలు. రెండోదాంట్లో అవే మాటలకి వెనకటి కాలంలో ఉన్న అర్థాలు. పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి వీలుగా, ఏ మాట మొదటిదాంట్లో ఏ పేజీలో ఉందో రెండోదాంట్లోనూ అదే పేజీలో పడేలా అచ్చేశారు. మొదటిది జనం తిరగేసి తిరగేసి చిరిగిపోయింది. రెండోదాన్ని ఎవరూ ముట్టుకోక పురుగు ముట్టుకుంది.

"రెండోది తీసేద్దామనుకున్నాను. జంటలో ఒకటి కదా అని ఇస్తున్నాను" అంది మేడమ్.

బైండింగక్క పద్ధతి ఏమిటంటే, ఒకే సైజు పుస్తకాలు రెండుంటే రెండింటినీ కలిపే విప్పేది. ముసలాయన ప్రెస్సులో ఒక పక్కే పుస్తకం పెడితే పై చెక్క వాలుతుంది. రెండు పక్కలా రెండుంటేనే బరువు సమానంగా పడుతుంది. అందుకని కవలలిద్దర్నీ ఒకేరోజు విప్పింది. బాగున్న ఫారాలని వేర్వేరు దొంతరలుగా కట్టి, చిరిగినవాటికీ పురుగు తిన్నవాటికీ ఉల్లిపొర కాగితం అంటించి, వెనక వసారాలో తీగ మీద ఆరేసింది. తీగకి ఎడమ సగం మొదటి పుస్తకం, కుడి సగం రెండో పుస్తకం. మధ్యలో హద్దుగా ఒక ఎర్ర టవలు వేసింది. అత్తగారికి చూపించి, "టవలుకి ఇటువి ఇటు దొంతరలో, అటువి అటు దొంతరలో. ఆరగానే తీసి అంకె ప్రకారం పెట్టెయ్యండి" అని చెప్పి దారం కొనడానికి వెళ్ళింది.

అత్తగారు చెప్పింది చెప్పినట్టే చేసింది. పని పూర్తయ్యాక రెండు దొంతరలూ దువ్వినట్టు సాపుగా ఉన్నాయి. ఆ సాయంత్రం నుంచి బైండింగక్క కుట్టడం మొదలుపెట్టింది. దారానికి మైనం రాసి, ఫారం మడత తెరిచి, అంకె చూసి, సూది దూర్చి, లాగి. ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు. రెండు పుస్తకాల్లోనూ వరస ఎక్కడా తప్పలేదు. ముదురు నీలం గుడ్డ తొడిగి, వెన్ను మీద బంగారు అక్షరాలు కొట్టించి తీసుకెళ్తే, మేడమ్ వాటిని అటూ ఇటూ తిప్పి కళ్ళజోడు మీంచి చూసింది. బైండింగక్కకి దారిపొడుగునా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆ లైబ్రరీ వెనక హాల్లో ఒక రిటైరైన మాస్టారు సాయంత్రాలు పెద్దవాళ్ళకి ఇంగ్లీషు చెప్పేవారు. వచ్చేవాళ్ళలో వాచీలు బాగుచేసే ఆయన, బ్యూటీ పార్లరు నడిపే ఆవిడ, ఇంకో నలుగురైదుగురు. మన కండక్టరు కూడా. మాస్టారు మాటలన్నీ ఎం అక్షరం దాకా చెప్పాక, కంటి ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది. "నేనొచ్చేదాకా క్లాసు ఆపకండి. కొత్తగా బైండు చేసిన డిక్షనరీ ఉందిగా, ఎన్ నుంచి మీరే చదువుకుంటూ ఉండండి" అని చెప్పి వెళ్ళారు.

ఆ వారంలోనే కండక్టరు భోజనం దగ్గర కూర్చుని గంభీరంగా అడిగాడు. "ఏమోయ్, నైస్ అంటే ఏంటో తెలుసా నీకు?"

"కాగితం నైస్‌గా ఉంటే జిగురు పట్టదు. అంతవరకే తెలుసు" అంది బైండింగక్క.

"కాదు. నైస్ అంటే బుద్ధిలేని, తెలివితక్కువ. అచ్చులో ఉంది."

"అచ్చులో ఉంటే మరి నిజమే అయ్యుంటుంది" అంది అత్తగారు.

"ఇన్నేళ్ళ నుంచి కాలేజీ ట్రిప్పులో ఆ ఆడపిల్లలు నన్ను నైస్ అంకుల్, నైస్ అంకుల్ అంటుంటే పళ్ళికిలించుకుని సీటు చూపించాను. ఎంత అవమానం."

"పోనీలేరా, నిజమే కదా అన్నారు" అంది తల్లి.

మర్నాడు కండక్టరు ఊరుకోలేదు. నైస్ అంకుల్ అన్న పిల్ల వైపు వేలు చూపించి, "నువ్వే నైస్. మీ ఇంటిల్లిపాదీ నైస్" అని గట్టిగా అనేశాడు. ఆ పిల్ల కాస్త ఆశ్చర్యపోయి, "థాంక్యూ అంకుల్" అంది. పక్కపిల్ల కూడా, "మరి నేనో అంకుల్" అంది.

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పి, "తిట్టినా సిగ్గు లేదే వీళ్ళకి" అని ఆశ్చర్యపోయాడు.

"ఈ కాలం పిల్లలకి ఓర్పు ఎక్కువ. నీకు ఆ వయసులో ఏదీ అంత ఓర్పు" అంది తల్లి.

తర్వాత పేజీలు వెనక్కి తిప్పితే నెర్వస్ తగిలింది. నెర్వస్ అంటే నరాల పుష్టి గల, దృఢమైన, బలిష్ఠమైన అని ఉంది. కండక్టరుకి ఆ మాట పిచ్చిగా నచ్చేసింది. డిపోలో ఏటా జరిగే వైద్య పరీక్షలో డాక్టరు ఎలా ఉన్నావని అడిగితే, ఛాతీ విరుచుకుని, "వెరీ నెర్వస్ సర్" అన్నాడు. డాక్టరు ఆయన్ని ఫ్యాను కింద కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇప్పించి, భుజం తట్టి, బీపీ మళ్ళీ చూశాడు.

"ఎంత మర్యాద చేశాడనుకున్నావు. రెండోసారి చూసి నార్మల్ అని నవ్వాడు కూడా. నా ముందు వెళ్ళిన డ్రైవర్‌కి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు" అని చెప్పుకున్నాడు.

అంతటితో పోతే బాగుండేది. ఇంకా వెనక్కి తిప్పితే నాటీ తగిలింది. నాటీ అంటే ఏమీ లేనివాడు, నిరుపేద. కండక్టరు డిపో మేనేజరు దగ్గరికి వెళ్ళి దూరపు ట్రిప్పులు తగ్గించమని అడుగుతూ, "సర్, మేమంతా నాటీ ఫ్యామిలీ సర్. మా అమ్మ అయితే మరీ నాటీ" అన్నాడట. మేనేజరు కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, ఏమీ అనకుండా ట్రిప్పులు తగ్గించేశాడట.

ఇవన్నీ వింటూ బైండింగక్క నవ్వేది. అయితే బ్యూటీ పార్లరావిడ సంగతి విన్న రోజు నవ్వు సగంలో ఆగింది. పార్లరుకి వచ్చిన ఒకావిడ అద్దంలో చూసుకుని, నైస్ అందట. పార్లరావిడకి ఒళ్ళు మండిపోయి, మారు మాట్లాడకుండా ఆవిడ తల మళ్ళీ తడిపి మొదట్నుంచీ కత్తిరించిందట. ఆ వచ్చినావిడ సంతోషపడి మళ్ళీ నైస్ అందట. పార్లరావిడ మళ్ళీ కత్తెర అందుకుందట.

"ఇప్పుడు ఆవిడకి జుట్టు చెవుల దాకానే ఉందిట. అయినా నైస్ అనడం మానలేదట, పాపం భయపడి కాబోలు" అన్నాడు కండక్టరు.

బైండింగక్క పళ్ళెం పక్కన పెట్టింది. "ఏమండీ, ఒక ఊరి జనం అంతా మెచ్చుకోవడానికి వాడే మాట తిట్టెలా అవుతుంది?"

"అచ్చులో ఉందంటున్నాగా. కావాలంటే వచ్చి చూడు. నెర్వస్ పక్కన ఒక అక్షరం కనపడదనుకో. పురుగు తిన్న చిన్న గుండ్రటి చిల్లు, దాని మీద నువ్వంటించిన ఉల్లిపొర. అయినా బలిష్ఠమైన అని బాగానే చదవొచ్చు."

"ఏం చిల్లు?"

"పురుగు చిల్లే. ఆ ఫారమంతా ఉంది."

బైండింగక్క ఆ రోజు విప్పిన ఫారాలని గుర్తు చేసుకుంది. మొదటి పుస్తకానికి పురుగు పట్టలేదు. జనం చేతుల్లో నలిగిన పుస్తకానికి పురుగు పట్టదు. దానికున్నవన్నీ చిరుగులే. చిల్లులన్నీ రెండో దానివి. జనం వాడే డిక్షనరీలో, ఎన్ దగ్గర, పురుగు చిల్లుల ఫారం ఉందంటే అది దాని ఫారం కాదు.

"అత్తయ్యా, ఆ రోజు తీగ మీంచి ఫారాలు తీసినప్పుడు ఎర్ర టవలు మధ్యలోనే ఉందా?"

అత్తగారు ఆలోచించింది. "టవలా? ఉండాలే. లేదే అమ్మాయీ, టవలు లేదు. మధ్యలో ఇరవై మూడు అంకె వేసినవి రెండు పక్కపక్కనే ఉన్నాయి. ఎటుది ఎటో తెలియక ఒకటి ఇటు, ఒకటి అటు పెట్టాను. అంకె సరిపోయింది కదా మరి."

ఇద్దరూ కండక్టరు వైపు తిరిగారు. ఆయన అప్పటికే ముద్ద మింగకుండా నోట్లోనే ఉంచుకున్నాడు.

"స్నానానికి వెళ్తూ తీసుకున్నాను. తీగ మీద టవలుంటే ఆరేశారనుకోమా మరి? దేశాల సరిహద్దు అనుకుంటామా?"

ఆ పూట ఆ ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మేడమ్ పెట్టిన గడువు ఇంకో వారంలో అయిపోతుంది. కండక్టరు మాట ఒకటే, నోరు మూసుకుందాం. "చూసేదెవరు? చదివే మాకే తెలియలేదు. బీరువాలన్నీ చేతికొచ్చాక మెల్లగా ఆ రెండూ తెప్పించి సర్దెయ్యి."

"మీరు నోరు మూసుకోవాలనే నేనూ కోరుకుంటున్నాను. మీరు తెరిచినప్పుడల్లా ఆ ఫారమే కదా మాట్లాడుతోంది."

"అయితే నేనే వెళ్ళి చెప్తాను. నా చేత్తో పెట్టిందేగా. ముసలిదాన్ని ఏం చేస్తుంది ఆ మేడమ్" అంది అత్తగారు.

"పని నాది అత్తయ్యా. పుస్తకం మీద చెయ్యి నాది."

బైండింగక్క లేచి ముందు గదిలోకి వెళ్ళింది. ప్రెస్సు పిడి పట్టుకుని నిలబడింది. చెప్తే, రెండు పుస్తకాలు సరిగ్గా కుట్టలేనిదానికి బీరువాలన్నీ ఎవరిస్తారు? ఈ గదిలో ఎవరిదో మంచం పడుతుంది. ప్రెస్సు ఆ వసారాలో వానకి తడుస్తుంది. చెప్పకపోతే, తను కుట్టిన పుస్తకం తెరిచిన ప్రతివాడికీ తప్పు చెబుతూ, లైబ్రరీలో దర్జాగా నీలం గుడ్డ కట్టుకుని కూర్చుంటుంది. తన పనిలో దారం వదులైతేనే ఆవిడకి పొద్దంతా మనసు కుదుటపడదు. ఇక ఇది. అలా నిలబడే తేల్చుకుంది.

మర్నాడు నాలుగు గంటలవేళ సూది, మైనం, దారం, కత్తి, జిగురు డబ్బా సంచిలో వేసుకుని, "ప్రెస్సు కూడా తీసుకెళ్దాం" అంది.

"అదెందుకు, అప్పగించేస్తావా?"

"అక్కడే విప్పి అక్కడే కుడతాను. వాళ్ళ పుస్తకాన్ని మళ్ళీ ఇంటికి ఇమ్మని అడగడానికి నాకు మొహం చెల్లదు."

ప్రెస్సు కండక్టరు బస్సులోనే వెళ్ళింది. అత్తగారు దాని పక్క సీట్లో కూర్చుని, చెయ్యేసి పట్టుకుంది. కండక్టరు డ్యూటీ డ్యూటీయేనని భార్యకి, తల్లికి, ప్రెస్సుకి లగేజీ కింద, టికెట్లు కొట్టాడు. వెనక సీట్లో ఒకాయన వంగి, "ఏం యంత్రం అమ్మా ఇది?" అన్నాడు.

"పుస్తకాలకి నడుం పట్టేస్తే సరిచేసేది" అంది అత్తగారు.

లైబ్రరీకి వెళ్ళేసరికి మేడమ్ బల్ల మీద మిషను షాపు నుంచి వచ్చిన నమూనా పుస్తకం ఒకటి తళతళలాడుతూ ఉంది. వెనక హాల్లోంచి మాస్టారి గొంతు వినిపిస్తోంది. ఆ రోజే నల్ల కళ్ళద్దాలతో తిరిగొచ్చారు.

"మాస్టారూ, మీరు ఆపరేషన్‌కి ముందుకన్నా ఇప్పుడే చాలా నెర్వస్‌గా కనిపిస్తున్నారు" అంటోంది పార్లరావిడ మనస్ఫూర్తిగా.

"ఉంటుంది కదమ్మా. కంటి విషయం. కానీ అంత బయటికి కనపడుతోందా?" అంటున్నారు మాస్టారు దిగులుగా.

బైండింగక్క ఇక ఆగలేదు. నిలబడే చెప్పేసింది. తీగ, టవలు, అంకె, పురుగు చిల్లు, అన్నీ. మేడమ్ కళ్ళజోడులోంచి చూసింది.

"తీసి పెట్టింది నేనమ్మా. నా కళ్ళే సరిగ్గా ఆనవు" అంది అత్తగారు ముందుకొచ్చి.

"టవలు తీసింది నేను మేడమ్. వీళ్ళకేం సంబంధం లేదు" అన్నాడు కండక్టరు, డ్యూటీ దిగి పరిగెత్తుకొచ్చిన ఆయాసంలో.

"కుట్టింది నేను" అంది బైండింగక్క.

"ముగ్గురూ ఒకేసారి మాట్లాడకండి. ఇది లైబ్రరీ" అంది మేడమ్. నమూనా పుస్తకం వైపు ఒకసారి చూసి, "పని చూద్దామని ఇచ్చినవి రెండే పుస్తకాలు. రెండింట్లోనూ తప్పే" అంది.

"అవును మేడమ్. నాకు ఆ బల్ల ఇప్పించండి. చీకటి పడేలోపు సరిచేస్తాను. తర్వాత మీ ఇష్టం."

వెనక హాల్లో క్లాసంతా బల్ల చుట్టూ మూగింది. బైండింగక్క రెండు పుస్తకాలనీ పక్కపక్కన పెట్టి, వెన్ను గుడ్డ అంచుకి నీళ్ళు రాసి, కాసేపు ఆగింది. మైదా జిగురు తడి తగిలితే మెత్తబడుతుంది. గుడ్డ అంచు మెల్లగా లేచొచ్చింది. లోపల దారం కుట్లు పలువరసలా కనపడ్డాయి. మడత తెరిచి, ఇరవై మూడో ఫారానికి అటూ ఇటూ ముడులు చూసుకుని, కత్తి మొనతో ఆ ఒక్క ఫారం దారాన్ని మాత్రమే తెంపింది. ఫారం పీట మీంచి లేచిన మనిషిలా ఇవతలికి వచ్చేసింది. పక్కవాటి మీద గీత కూడా పడలేదు. రెండోదాంట్లోంచి కూడా అలాగే తీసింది.

మాస్టారు రెండు ఫారాలూ చేతిలోకి తీసుకుని, నల్లద్దాలు నుదుటి మీదికి తోసి, దగ్గరగా పెట్టుకుని చూశారు. ముందు పెదాలు కదిలాయి. తర్వాత భుజాలు కదిలాయి. చివరికి కుర్చీ కూడా కదిలేంతగా నవ్వారు.

"ఇందులో తప్పేం లేదర్రా. ఇవన్నీ నిజం అర్థాలే. కాకపోతే వందల ఏళ్ళ నాటివి. అప్పట్లో నైస్ అంటే తెలివితక్కువే. నెర్వస్ అంటే బలమే. వాడగా వాడగా తిరగబడ్డాయి."

"మాట ఎలా తిరగబడుతుంది మాస్టారూ?" అన్నాడు వాచీలాయన. "ముల్లు వెనక్కి తిరిగితే గడియారం పాడైందంటాం."

"మన మాటలు తిరగబడలేదూ? కంపు అంటే వెనకటికి మంచి వాసన. ఛాందసుడంటే వేదం చదువుకున్నవాడు, ఇప్పుడు ఎవరినైనా అని చూడు. సభికులంటే ఒకప్పుడు జూదమాడించేవాళ్ళు. ఇప్పుడు మైకు పట్టుకుని గౌరవనీయులైన సభికులారా అంటున్నాం."

"అయితే మా ఆయన బతికున్నన్నాళ్ళూ కంపు కొడుతున్నారు, వెళ్ళి స్నానం చెయ్యండి అన్నాను. మెచ్చుకున్నట్టేనన్నమాట" అంది అత్తగారు.

"ఆయనకి ఆ సంగతి తెలిసి ఉండదు కదమ్మా" అన్నాడు వాచీలాయన.

పార్లరావిడ మొహం వాడిపోయింది. "మరి నా కస్టమరో మాస్టారూ? మూడుసార్లు కత్తిరించాను."

"ఇంకోసారి నైస్ అంటే థాంక్యూ చెప్పి కత్తెర పక్కన పెట్టెయ్యి. జుట్టు అదే పెరుగుతుంది."

కండక్టరు ఒక మూల నిలబడి వేళ్ళు మడుస్తున్నాడు. డాక్టరు, మేనేజరు, కాలేజీ పిల్లలు. ఒక్కొక్కటీ ఇప్పుడు తెలిసొస్తోంది. "మా అమ్మ మరీ నాటీ అన్నాను" అని గొణిగాడు. తల్లి విని, దానికి ఇప్పుడు అర్థమేంటని మాస్టారిని అడిగింది. అల్లరిదని ఆయన చెప్పారు. "అబద్ధమేం చెప్పలేదులే" అంది ఆవిడ, కొడుకు వీపు నిమిరి.

ఈ గోలంతా జరుగుతున్నా బైండింగక్క తల ఎత్తలేదు. ఫారాలు ఏవి దేనివో ఈసారి అంకె ఒక్కటే కాదు, చిల్లూ చిరుగూ కూడా చూసుకుని, పాత రంధ్రాల్లోంచే సూది దూర్చి, పక్కవాటితో ముడేసి, గుడ్డ దించి అంటించి, రెండింటినీ ప్రెస్సులో బిగించింది. ఎప్పుడొచ్చి నిలబడిందో, మేడమ్ చేతిలో నమూనా పుస్తకంతో వెనకే ఉంది.

"ఇందులో ఇలాంటి తప్పు జరిగితే?"

బైండింగక్క దాన్ని తీసుకుని, తిరగేసి, వెన్ను మీద వేలు రాసి చూసింది. మిషను షాపు మీద చెడ్డగా ఒక మాట అనే అవకాశం అరచేతిలోకి వచ్చినట్టే. ఆవిడకి అబద్ధం ఆడటం రాలేదు.

"పని శుభ్రంగా ఉంది మేడమ్. అట్ట నాకన్నా బాగా కుదిర్చారు. వెన్ను కోసేసి అంటించారు కాబట్టి మడతలు లేవు, విడి కాగితాలే. అంటించింది విడదియ్యాలంటే చించడమే. తప్పు లేకపోతే ఏ ఇబ్బందీ లేదు."

"తప్పు లేని చోటు నేనెక్కడా చూడలేదు" అంది మేడమ్. నమూనాని తీసుకెళ్ళి బల్ల సొరుగులో పెట్టేసింది.

అంతే. బైండింగక్క సామాను సర్దుకుంటూ, ప్రెస్సు రాత్రికి ఇక్కడే ఉండాలని, జిగురు ఆరాక పొద్దున్నే వచ్చి తీసుకెళ్తానని చెప్పింది.

"వచ్చేటప్పుడు బండి మాట్లాడుకుని రండి" అంది మేడమ్ రిజిస్టరులోంచి తలెత్తకుండా.

"ప్రెస్సుకి బండెందుకు మేడమ్, మా బస్సు చాలు."

"ప్రెస్సుకి కాదు" అని మేడమ్ కళ్ళజోడు మీంచి చూసింది. "బస్సులో నాలుగు బీరువాలు పట్టవు."

ముగ్గురూ మెట్లు దిగి వీధిలోకి వచ్చారు. వీధి మలుపు తిరిగాక కండక్టరు అన్నాడు, "నేను టవలు తియ్యకపోయుంటే ఇదంతా జరిగేదా అంట." ఆడవాళ్ళిద్దరూ ఆగి, ఆయన్ని ఎగాదిగా చూసి, మళ్ళీ నడక సాగించారు. కాస్త దూరం పోయాక అత్తాకోడళ్ళ నవ్వు ఆయనకి వినిపించింది.

మర్నాడు మధ్యాహ్నానికి ముందు గది నిండిపోయింది. కిటికీ గట్టు దాకా పుస్తకాలు, తలుపు వెనక పుస్తకాలు. అట్టలూడినవి, తడిసి ఉబ్బినవి, సగం నుంచి మొదలయ్యేవి, ముగింపు పోయినవి. జిగురు కాచే పొయ్యి దగ్గరికి చేరడానికి అత్తగారు పక్కవాటుగా నడవాల్సి వచ్చింది. ఇక భోజనాలు ఎక్కడ చేస్తామని కండక్టరు గుమ్మంలోంచి అడిగాడు.

"మెట్ల మీద" అంది బైండింగక్క.

"అన్నిట్లో ఏది ముందు పడతావే అమ్మాయీ?" అంది అత్తగారు, గరిటె తిప్పుతూ.

బైండింగక్క చుట్టూ చూసి, అన్నిటికన్నా అధ్వాన్నంగా ఉన్నదాన్ని లాగింది. అట్ట లేదు, పేరు లేదు, పది ముక్కలై ఉంది. ఒళ్ళో పెట్టుకుని దుమ్ము ఊది, మొదటి ఫారం వెతకడం మొదలుపెట్టింది. దొరికింది. అడుగున అంకె చూసింది. ఒక క్షణం ఆగి, ఎన్నేళ్ళుగానో చెయ్యని పని చేసింది. పైనున్న వాక్యం చదివింది. చాలా బాగుంది. రెండోది కూడా చదివింది.

"జిగురు చల్లారిపోతోంది" అని అత్తగారు పిలిచేదాకా ఆవిడ చేతిలో సూది అలాగే ఉంది.